మెత్తగా దిగడం

మిడతను జట్టులోంచి తీసేసిన రోజు కోచ్ అన్నది ఒక్కటే మాట. "మిషన్‌కి నీమీద పగేమైనా ఉందా?"

అప్పట్లో ఆమె వాలీబాల్ ఆడేది. ఎగిరితే నెట్ మీదుగా అవతలి జట్టు మొహాలన్నీ కనిపించేవి. ఆ పేరు అలా వచ్చింది. జట్టులో ఉండాలంటే నలభై అయిదు సెంటీమీటర్లు ఎగరాలి. నడుముకి కట్టిన అగ్గిపెట్టెంత సెన్సర్ ఆమెకి నలభై నాలుగు ఇచ్చింది. ఏనాడూ ఆమె భుజం దాటి ఎగరని పిల్లకి నలభై ఏడు ఇచ్చింది.

కిటుకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ సెన్సర్ ఎత్తును కొలవదు. గాల్లో ఎంతసేపు ఉన్నారో చూసి ఎత్తు లెక్కకడుతుంది. దిగేముందు మోకాళ్లు మడిస్తే పాదాలు నేలకి ఆలస్యంగా తగులుతాయి. ఆ ఆలస్యం ఎత్తులో కలుస్తుంది. కోచ్ ఆ సంగతి తనకి కావలసినవాళ్లకే నేర్పేవాడు.

ఆట పోయింది, పగ పోలేదు. ఆమె ఆ సెన్సర్ల పనే నేర్చుకుంది. ఈ ఏడాది ఎంపిక పరీక్షలు ఆమె చేతికొచ్చాయి. వచ్చినవాళ్లలో కోచ్ కూతురు ఉంది.

హాల్లో సెలక్టర్లు బల్ల దగ్గర సర్దుకున్నాక, మిడత ఒక్కొక్కరికీ నడుముకి ఒక సెన్సర్, పిక్కకి ఒకటి కట్టింది.

"కాళ్లు చాచి దిగాలి. మోకాళ్లు మడిస్తే పిక్క మీది సెన్సర్ పట్టేస్తుంది, ఆ జంప్ చెల్లదు. తలా మూడు ఛాన్సులు, ఎగరాల్సింది నలభై అయిదు."

కోచ్ గ్యాలరీలో ఫోన్లో ఎవరితోనో నవ్వుతున్నాడు. కూతురు తలూపింది. మోకాళ్ల మాట తన గురించేనని ఆ పిల్లకి తట్టలేదు. నాన్న చిన్నప్పుడే నేర్పిన ఆ పద్ధతికి ఇంట్లో పేరు 'మెత్తగా దిగడం'.

మొదటిసారి ఎగిరింది. "చెల్లదు," అంది మిడత. రెండోసారీ అదే మాట.

కోచ్ మెట్లు దిగి వచ్చాడు. "ఏమ్మా మిడతా, నీ కోపం మిషన్‌కి కూడా ఎక్కించావా?"

"మిషన్‌కి మీ అమ్మాయి మీద పగేమైనా ఉందా సార్?"

ఒక సెలక్టర్ దగ్గినట్టు నవ్వాడు.

"అక్కా, నేనేం తప్పు చేస్తున్నాను?" అంది పిల్ల.

జవాబు రెండు ముక్కలు. చెప్పకూడదని రూల్ లేదు.

"మీ నాన్నగారిని అడుగు. నేర్పింది ఆయనే కదా."

కోచ్ బల్ల వైపు చూశాడు, కూతుర్ని చూశాడు. మిగిలింది ఒక్క ఛాన్సు. "మోకాళ్లు..." అని గొణిగాడు.

"వినపడలేదు సార్. మాట బల్ల దాకా రావాలి."

"మోకాళ్లు మడవకు తల్లీ. నేను నేర్పినట్టు దిగకు."

"మీరు నేర్పినట్టా?" అన్నాడు దగ్గినాయన. నవ్వడం మానేశాడు. "ఇంకా ఎంతమందికి నేర్పారేంటి?"

పిల్ల కాళ్లు చాచి ఎగిరింది, చాచే దిగింది.

"చెల్లింది. నలభై ఒకటి," అని మిడత గట్టిగా చదివింది.

వంగి పిక్క మీది పట్టీ విప్పింది. "నలభై ఒకటేనా అక్కా?" అంది పిల్ల. ఆమె తలెత్తి పిల్ల మొహంలోకి చూడలేదు. కోచ్ వైపే చూసింది, ఆయన తల దించుకునేదాకా.

"తర్వాత ఎవరు?" అంది.