మలుపులో రాలిన కీచులు

పొద్దున్నే క్లినిక్ షట్టరు పైకెత్తాక డాక్టరమ్మ మొదట పట్టుకునేది పట్టకారు కాదు, చీపురు. కింద పళ్ళ క్లినిక్, పైన ఇల్లు, ఎదురుగా రోడ్డు మలుపు. తెల్లారేసరికి గుమ్మం ముందు కీచులు కుప్పపడి ఉండేవి. బళ్ళు గట్టిగా బ్రేకు వేసినప్పుడు రాలిపడేవే అవి. వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు లేచే పొట్టులా మెలికలు తిరిగి, నల్లగా, చల్లగా, అంచులు పదునుగా ఉండేవి. స్కూటర్లవి తలపిన్నుల్లా సన్నగా, లారీలవి మణికట్టంత లావుగా. ఊడ్వకుండా వదిలేస్తే మధ్యాహ్నం ఎండకి కరిగి, బ్రేకు పడ్డప్పటి చప్పుడూ బండిలోవాళ్ళ మాటలూ వదిలేసి మాయమయ్యేవి. ఆ రోడ్డు మీద రొదలో అది ఎవరికి వినపడుతుంది? నీడలో మూతపెట్టి ఉంచితే మాత్రం ఎన్నాళ్ళైనా పాడవ్వవు. కానీ అలాంటి వాటిని ఎవరు దాచుకుంటారు?

చెత్తబండి ఆవిడది రోజూ అదే పేచీ.

"ఇది తడి చెత్తా కాదు, పొడి చెత్తా కాదు. నేను ముట్టను డాక్టరమ్మా."

"మరేం చెయ్యమంటావ్, నమిలి మింగమంటావా?"

"మీ ఇష్టం. పళ్ళ డాక్టరు మీరేగా."

ఆ రోజు మొదట వచ్చింది ఎనిమిదేళ్ళ పిల్లాడు. పైవరస ముందు పన్ను సగానికి విరిగింది. పాలపన్ను ఊడి కొత్తగా వచ్చిన పన్ను, ఇక జీవితాంతం ఉండాల్సింది. పక్కన నిలబడ్డ వాళ్ళమ్మ రెండు వీధుల అవతల బ్యూటీ పార్లరు నడుపుతుంది.

"మెట్ల మీద పడ్డాడండీ," అంది పార్లరావిడ. "కుదురుగా ఉంటేగా వెధవ!"

డాక్టరమ్మ పిల్లాడి పెదవి మడిచి చూసింది. లోపల అడ్డంగా కమిలిన గీత. మెట్టు అంచు అలా కొట్టదు. గుండ్రటి ఇనపకడ్డీ కొడుతుంది, స్కూలు వ్యానులో ముందు సీటు వెనక ఉంటుందే, అలాంటిది. ఇలాంటి నోరు చూడటం ఆవిడకి ఈమధ్య ఇది మొదటిసారి కాదు. ముందొచ్చిన ఇద్దరూ మెట్ల మీదే పడ్డారట. అందులో ఒకమ్మాయి ఉండేది మెట్లే లేని ఇంట్లో.

"నువ్వు ఏ వ్యానులో వెళ్తావు నాన్నా?"

పిల్లాడు నోరు తెరిచే ఉంచి, కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకే వ్యానండీ, మీ మరిదిగారిదే," అని నవ్వింది పార్లరావిడ. "రాకెట్ మామ అంటే పిల్లలకి ప్రాణం. టైమంటే టైమే. ఆయన పుణ్యమా అని నేను షాపు వేళకి తెరుస్తున్నాను."

మరిదిని ఊరంతా రాకెట్ అనే పిలిచేది. ఒకే వ్యానుతో రెండు స్కూళ్ళకి పిల్లల్ని చేరవేసేవాడు. ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. ఎలా కాలేదో ఒక్కరూ అడగలేదు. డాక్టరమ్మ కూతురు కూడా అందులోనే వెళ్ళేది. బాబాయి వ్యాను గుమ్మంలోకి వచ్చి ఆగుతుంటే ఇక ఆలోచించేదేముంది?

డాక్టరమ్మకి ఒక్కటే అర్థం కాలేదు. ఆ మలుపులో తిరిగే ప్రతి బండీ ఎప్పుడో ఒకప్పుడు కీచు రాల్చింది. ఏది ఏ బండిదో ఆ వీధిలో పిల్లలు కూడా చూసి చెప్పేస్తారు. రాకెట్ వ్యానుది మాత్రం ఒక్కటీ ఆవిడ చీపురుకి తగల్లేదు. అత్తగారు దాన్ని గొప్పగా చెప్పుకునేది. "మావాడికి బ్రేకు తొక్కే అవసరమే రాదమ్మా. ఆ చెయ్యి అలాంటిది!"

సాయంత్రం స్కూలు వదిలే వేళకి డాక్టరమ్మ అద్దం తలుపు వెనక నిలబడి చూసింది. వ్యాను మలుపు తిరిగింది. తిరగడం కాదు, దూకింది. ఒక చక్రం కాలిబాట ఎక్కింది. పూలకుండీలు అమ్ముకునే ముసలాయన గోడకి అతుక్కుపోయాడు. ఆ వెంటనే, ముందు ఏ అడ్డమూ లేకుండానే, బ్రేకు. మూరెడు పొడవు కీచు రోడ్డు మీద పడి మెలికలు తిరిగింది. వ్యాను కిటికీలో పిల్లల తలలన్నీ ఒక్కసారి ముందుకి వాలి లేచాయి. కూతుర్ని అందరికంటే చివర్న దింపుతాడు గనక వ్యాను ఆగకుండా వెళ్ళిపోయింది.

మేడమెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అత్తగారు చేట, చీపురు పట్టుకుని దిగింది. అటూ ఇటూ చూసి, ఆ కీచుని చేటలోకెత్తి, పైన కొంగు కప్పి, వచ్చినంత నెమ్మదిగా మేడెక్కింది. బస్సులవీ స్కూటర్లవీ అలాగే వదిలేసింది.

డాక్టరమ్మకి అరికాలి నుంచి నడినెత్తిదాకా మండుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఇంట్లో గ్లాసు కడగడానికి నడుంనొప్పి అన్న మనిషి!

భోజనాల దగ్గర మరిదిని నిలదీసింది.

"పిల్లల పళ్ళు విరుగుతున్నాయి. నీ వ్యానులోనే."

"నీకు బేరాలు పెరుగుతున్నాయిగా వదినా," అన్నాడు రాకెట్ తాపీగా. "నాకు కమీషన్ ఇవ్వాల్సింది పోయి తిడతావేంటి?"

"నవ్వులాటా నీకు?"

"ఎవరికైనా ఏమైనా అయిందా? నేను తోలడం మొదలుపెట్టి పదేళ్ళు. చీమకి కూడా దెబ్బ తగల్లేదు. ఏం బంగారం," అని పక్కనున్న పిల్ల తల నిమిరాడు. "మన వ్యానులో ఏమైనా అవుతోందా? మీ అమ్మకి చెప్పు."

"లేదు బాబాయ్."

ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది ఆ జవాబు. పిల్ల మళ్ళీ ముద్ద ఎత్తలేదు.

"పోనీలే," అన్నాడు డాక్టరమ్మ మొగుడు. "వాడికి నేను మెల్లగా చెబుతాను."

"మీరు పదేళ్ళుగా మెల్లగానే చెబుతున్నారు. వాడు మాత్రం మెల్లగా తోలడం లేదు."

"ఇంటి గుట్టు వీధిలో పెట్టకమ్మా," అంది అత్తగారు.

"వీధిలోనిది ఇంట్లోకి తెచ్చి దాచిందెవరు అత్తయ్యా?"

అత్తగారు కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ కూతుర్ని వ్యాను ఎక్కనివ్వలేదు. తనే స్కూల్లో దింపి, అటునుంచటే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది. బల్ల వెనక ఇన్‌స్పెక్టరు నోట్లో పుల్ల పెట్టుకుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. మామూలుగా అయితే చిగుళ్ళు పాడవుతాయని చెప్పేదే. ఆ రోజు చెప్పబుద్ధి కాలేదు.

అంతా విన్నాడు. "ఎవరైనా చచ్చిపోయారా?"

"లేదు."

"కాలో చెయ్యో?"

"పళ్ళు విరిగాయి. ముగ్గురు పిల్లలకి."

"పిల్లల పళ్ళు మళ్ళీ వస్తాయి కదండీ."

"ఇవి రావు. మీవి రానట్టే ఇవీ రావు."

ఇన్‌స్పెక్టరు పుల్ల తీసి పక్కన పెట్టాడు. "వాళ్ళ తల్లిదండ్రులు రాలేదే మరి? మీరొచ్చారు. మరిది మీద వదిన ఫిర్యాదు. అడుగుతున్నానని ఏమనుకోకండి, మీ ఇంట్లో వాటాల గొడవేమైనా నడుస్తోందా?"

తలుపు దగ్గరున్న కానిస్టేబుల్ కిసుక్కున నవ్వాడు. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఎవరైనా చచ్చాక వస్తే రాసుకుంటారు, చావకముందు వస్తే వాటాలంటారు. అసలు మీరిక్కడ కూర్చున్నది దేనికండీ?"

"కోప్పడకండి. రాయడానికి ఏదో ఒకటి ఉండాలిగా. కీచు ఒక్కటైనా ఉందా? మీ మలుపు సంగతి మాకు తెలుసు, అన్ని బళ్ళవీ ఉంటాయి. ఆ వ్యానుది ఒక్కటి చూపించండి, ఇప్పుడే బయల్దేరతాను."

ఆవిడ చెప్పులు టపటపలాడించుకుంటూ ఇంటికొచ్చింది. క్లినిక్ ముందు ఇద్దరు పేషెంట్లు చెంపలు పట్టుకుని కూర్చున్నారు. "మధ్యాహ్నం రండి" అని వాళ్ళని పంపేసి మేడెక్కింది. పంపేసిందే కానీ పైన అత్తగారి గది తలుపు తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది. అత్తగారు లోపల గడియ పెట్టుకుంది. బతిమాలలేదు డాక్టరమ్మ. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. అన్నానికైనా రావాలిగా.

వచ్చింది. తలుపు తెరవగానే డాక్టరమ్మ గదిలోకి దూరింది.

"ఎక్కడున్నాయి అత్తయ్యా?"

"ఏవి?"

"చేటలోకెత్తి తెచ్చారే, అవి."

అత్తగారు గబగబా వెళ్ళి మంచమెక్కి కూర్చుంది. మంచం కింద ఏముందో ఇక వేరే చెప్పక్కర్లేదు. డాక్టరమ్మ వంగి ట్రంకుపెట్టె చెవి పట్టుకుని లాగింది. అత్తగారు దిగి రెండో చెవి పట్టుకుంది.

"తండ్రి లేకుండా పెరిగినవాడే! వాడికున్నదల్లా ఆ వ్యానే. అది పోతే వాడికి కూడు ఎవరు పెడతారు, నువ్వు పెడతావా?"

"ఇప్పుడెవరు పెడుతున్నారు మరి? వదలండి!"

"కన్నతల్లిని, నేను వదలను!"

చెవి ఊడొచ్చింది. పెట్టె గచ్చు మీద జారి కిటికీ కింద గోడకి కొట్టుకుని తెరుచుకుంది. లోపలున్న కీచులన్నీ ఎండలోకి ఒలికాయి. పెట్టె నిండా రాకెట్ వ్యానువే. ఎండ తగలగానే అంచులు మెత్తబడి, ఒక్కొక్కటే విప్పుకోవడం మొదలుపెట్టాయి.

మొదట టైరు అరుపు. వెనకే రాకెట్ గొంతు, హుషారుగా.

"ఎవడ్రా ఇంట్లో చెబుతానన్నది?"

కీచు. ఇనపకడ్డీకి ఏదో తగిలిన చప్పుడు.

"నువ్వేనా? చెబుతావా?"

కీచు.

"చెప్పను మామా." కాస్త జీరగా ఉన్న గొంతు.

"వినపళ్ళేదు."

కీచు.

"చెప్పను మామా! చెప్పను!"

 వాడికి దూకుడెక్కువ, ఒళ్ళు తెలియదు, అంతే అనుకుంది డాక్టరమ్మ ఇన్నాళ్ళూ. అడ్డమొచ్చి వేసిన బ్రేకులు కావు ఇవి. లోపలివాళ్ళ నోళ్ళు మూయించడానికి వేసినవి. అందుకే మెట్లు, అందుకే గట్టిగా మూసుకున్న ఆ కళ్ళు.

కీచులు ఒకదాని తర్వాత ఒకటి కరుగుతూనే ఉన్నాయి. ఎవరో అమ్మాయి ఏడుపు. ఇంకెవరో పాఠం అప్పజెప్పినట్టు అదే మాట మళ్ళీ మళ్ళీ. అత్తగారు నేల మీద కూలబడి, చేతికందినవాటిని నీడలోకి లాక్కుంటోంది, వేళ్ళు తెగుతున్నా. అప్పుడు కుప్ప అడుగున ఉన్నది విప్పుకుంది.

"చెప్పను బాబాయ్. నాన్నమ్మకి కూడా చెప్పను."

అత్తగారి చేతులు ఆగిపోయాయి. ఒకసారి ఎండ తగిలినవి నీడలోకి లాగినా ఆగలేదు; ఆ గది మళ్ళీ నిశ్శబ్దమయ్యేసరికి ఏమీ మిగల్లేదు. గచ్చు మీద తడి కూడా లేదు.

డాక్టరమ్మకి అరవాలని ఉంది. పెట్టెని, మంచాన్ని, ఈ మనిషిని కలిపి కిటికీలోంచి తోసెయ్యాలని ఉంది. ఎన్ని రోజుల నుంచి ఊడుస్తోంది ఈవిడ! ఎంత శ్రద్ధగా ఊడుస్తోంది! కానీ అత్తగారు అప్పటికే లేచింది. తెగిన వేళ్ళకి కొంగు చుట్టుకుంది.

"ఆ స్టేషన్ దాకా నడవగలనంటావా," అంది, "రిక్షా పిలుస్తావా?"

ఇన్‌స్పెక్టరు ఈసారి లేచి నిలబడ్డాడు, పెద్దావిడని చూసి.

"కీచు దొరికిందా అమ్మా, తెచ్చారా?"

"లేవు. కరిగిపోయాయి. నేను విన్నాను. రాసుకో."

"మీరు ఎవరమ్మా?"

"వాణ్ణి కన్నదాన్ని."

కానిస్టేబుల్ ఈసారి నవ్వలేదు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. సాయంత్రానికి వ్యాను స్టేషన్ గోడ పక్కకి చేరింది. రాకెట్ లోపల బల్ల మీద కూర్చున్నాడు. తల్లిని చూడగానే "నువ్వు నాకు అమ్మవేనా?" అని అరిచాడు. "అందుకే వచ్చాను" అని ఆవిడ గేటు దాటింది.

ఇన్‌స్పెక్టరు మాత్రం డాక్టరమ్మని పక్కకి పిలిచి ఉన్నమాట చెప్పాడు. "ఇంట్లోవాళ్ళు చెప్పినదాన్ని కోర్టులో ఇంటి గొడవ అని కొట్టిపారేస్తారండీ. దెబ్బ తిన్న పిల్లల తరపున ఒక్కరైనా వచ్చి సంతకం పెట్టాలి. లేదంటే రేపు మధ్యాహ్నానికి తాళాలు చేతిలో పెట్టి పంపించేయాల్సిందే."

మర్నాడు డాక్టరమ్మ షట్టరు ఎత్తేసరికి తల్లిదండ్రులు గుంపుగా నిలబడి ఉన్నారు. సంతకం పెట్టడానికి కాదు.

"మీ ఇంట్లో మీరూ మీరూ కొట్టుకుంటే మధ్యలో మా పిల్లలేం చేశారండీ?"

"ఇవాళ మా ఆవిడ సెలవు పెట్టాల్సొచ్చింది!"

"అంత టైముకి వచ్చే వ్యాను ఇంకెక్కడ దొరుకుతుంది?" అంది పార్లరావిడ, అందరికంటే ముందు నిలబడి. "ఫిర్యాదు వాపసు తీసుకోండి డాక్టరుగారూ. ఏదో కాస్త స్పీడు, మగాడన్నాక ఆ మాత్రం ఉండదా?" ఆవిడ వెనకే పిల్లాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"మీకు కళ్ళు లేవా?" అని మొదలుపెట్టింది డాక్టరమ్మ. "కనీసం పిల్లాడి నోరు తెరిచి చూసే తీరికైనా..."

"నువ్వు ఉండమ్మాయ్," అంటూ అత్తగారు మెట్లు దిగింది. వేళ్ళన్నిటికీ కట్లు. గుంపు కాస్త జరిగి దారిచ్చింది. ఆవిడ పార్లరావిడ ఎదురుగా నిలబడింది.

"నీ కొడుకు గొంతు కాస్త జీరగా ఉంటుంది, కదూ?"

"అవును... మీకెలా తెలుసు? వాడు మీతో ఎప్పుడూ మాట్లాడలేదే!"

"విన్నాను. కీచుల్లో. వీడి గొంతే కాదు, మీ అందరి పిల్లల గొంతులూ విన్నాను."

 కీచులో ఏముంటుందో ఆ వీధిలో తెలియనిదెవరికి? వినే తీరికే ఎవరికీ లేకపోయింది. వెనకాల నిలబడ్డ ఒకాయన తన కూతురి వైపు తిరిగి చూశాడు. ఆ పిల్ల చెప్పుల వైపు చూసుకుంటోంది.

"ఏమన్నాడు వీడు?" అంది పార్లరావిడ. గొంతులో ఇందాకటి జోరు లేదు.

అత్తగారు మోకాళ్ళు పట్టుకుని పిల్లాడి ఎదురుగా కూర్చుంది.

"నేను చెప్పనా నాన్నా, నువ్వే చెబుతావా? ఇప్పుడు ఆ వ్యాను ఇక్కడ లేదు."

పిల్లాడు రోడ్డు వైపు చూశాడు. మలుపు వైపు చూశాడు. నోటి మీంచి చెయ్యి తీసి, వాళ్ళమ్మ నడుముని పట్టుకుని, ఆవిడ పొట్టలోకి మొహం దూర్చి చెప్పడం మొదలుపెట్టాడు. బయటికి ఒక్క మాట వినపడలేదు. పార్లరావిడ వంగి, ఇంకా వంగి, చివరికి ఆ రోడ్డు మీదే చతికిలబడి విన్నది. విన్నంతసేపూ వాడి విరిగిన పన్ను మీద బొటనవేలు పెట్టి అలాగే ఉంచింది.

లేచినప్పుడు ఆవిడ మొహం వేరే మనిషిది. హ్యాండుబ్యాగులోంచి షాపు తాళాలు తీసి పక్కావిడ చేతిలో పడేసింది.

"ఆ ఇన్‌స్పెక్టరు ఇప్పుడుంటాడా?"

"ఉంటాడు," అంది అత్తగారు, డాక్టరమ్మ చెయ్యి ఆసరా చేసుకుని లేస్తూ. "లేకపోతే వచ్చేదాకా కూర్చుందాం."