బస్సు మెట్టు మీద సాదుల్లా

మనిషి మాయమైతే ఎటు పోయాడని అందరూ అడుగుతారు. ఏ గేటు లోపలికి పోయాడని మీలో ఒక్కరైనా అడిగారా?

పటాన్‌చెరులో ఆ గల్లీ ఆడవాళ్లకు చొక్కా చేతికందగానే తెలుస్తుంది, మొగుడు ఆ రోజు మందుల కంపెనీలో ఏ బ్లాకులో చేశాడో. పౌడరు బ్లాకుది చేదు, సాల్వెంటుది ముక్కు మండించే తీపి. రుమానా భర్త సాదుల్లాది ప్యాకింగు. అట్టపెట్టెల వాసన, గమ్ము వాసన. ఓ పొద్దున కంపెనీ బస్సెక్కి పోయినవాడు తిరిగి రాలేదు. సాయంత్రం బస్సు దిగి ఆయన వాసన ఒక్కటే ఇంటికొచ్చింది.

అప్పటినుంచి రోజూ వస్తోంది. చెప్పులు విడిచేంతసేపు గుమ్మంలో ఆగి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది. రుమానా చాయ్ పెడుతుంది. "సాదుల్లా వచ్చిండా?" అని అడిగి, ఎదురింటివాళ్లు టీవీ సౌండు తగ్గిస్తారు.

మనిషి ఏమయ్యాడన్నదానికి మాత్రం ఇంటికో కథ. ముంబై బస్సులో కనిపించాడట. ఎవరితోనో లేచిపోయాడట. అసలు ఆ రోజు డ్యూటీకే రాలేదంది కంపెనీ. పోలీసులు అదే రాసుకున్నారు.

"ఇది గమ్ము వాసన కాదంకుల్. మురిగిన గుడ్డు లెక్కుంది," అంది రుమానా ఇంటి ఓనరు భీమశంకరంతో.

"ఊరంతా అదే కంపు కదమ్మా! కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో నాకూ ముద్ద దిగేది కాదు. నా మాట విను, వాడు దుబాయ్‌లో ఉన్నాడు."

"పాస్‌పోర్టు బీరువాల వెట్టి దుబాయ్ ఎట్ల పోతడు? ఆడున్న మీ అల్లుణ్ణి గిట్లనే పంపిన్రా?"

భీమశంకరం మళ్లీ దుబాయ్ మాటెత్తలేదు. కానీ గల్లీలో అందరివీ కంపుకు అలవాటైన ముక్కులు. వాసన ఎందుకు మారిందని ఇంకెవరూ అడగలేదు.

ఇల్లు గడవక రుమానా కుట్టుమిషన్ అమ్మేసిన వారంలో కంపెనీ కాంట్రాక్టర్ త్రినాథరావు వచ్చాడు. "మీ తమ్ముణ్ణి పంపమ్మా. కంపెనీ వెనక మురుగు ట్యాంకు కడగాలి, ఒక్కపూట పని."

"మాస్క్ ఇస్తరా?"

"అబ్బో, ఆపరేషన్ చేయబోతున్నాడా ఏంటి!"

తమ్ముడు మొయిన్ అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు. "ఆపా, బియ్యం డబ్బా చూసినవా? జెర పోనియ్యి."

మరునాడు బస్సు ఆగింది. ఎన్నడూ పొద్దున రాని వాసన మెట్టు మీద నిలబడి ఉంది. మొయిన్ కాలు పెట్టగానే ఊపిరాడలేదు, కళ్లలో నీళ్లు. వెనక్కి తగ్గితే గాలి మామూలే. మళ్లీ ఎక్కబోయాడు. మళ్లీ అంతే.

"దూలాభాయ్, జెర జరుగు. నౌకరీ పోతది," అని బావను బతిమాలాడు.

వాసన జరగలేదు. డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. ఆ కంపెనీలోనే ముసలివాడైన పెద్దరాములు లోపల కూర్చుని ఉన్నాడు, దగ్గుతూ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "రుమానమ్మా, గిది మా వెనక ట్యాంకు వాసన. దాంట్ల దిగినోళ్లకే అంటుతది."

డ్యూటీకే రాని మనిషికి ట్యాంకు వాసన ఎట్లా అంటింది? రుమానా తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. బస్సు మొయిన్ లేకుండానే పోయింది.

వాసనను సాక్ష్యంగా రాసుకోలేమన్నారు స్టేషన్‌లో. త్రినాథరావు మొయిన్ బదులు ఇంకొకణ్ణి వెతుకుతున్నాడు, ఈసారి ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లలో.

రేపు మొదటి షిఫ్టుకు రుమానా, మొయిన్ ఆ గేటు ముందు కూర్చుంటారు. మీరూ రండి. ముక్కుకు రుమాలు కట్టుకోకండి. ట్యాంకు ఖాళీ చేసి అడుగు చూపించమనండి. చూపించేదాకా ఎవర్నీ అందులోకి దిగనివ్వకండి.