బల్ల కదిలిన పూట

దేవకుమారి బావిలో నీళ్లు తోడుతుంటే అరుగు మీద నుంచి అత్త దానమ్మ అంది. "ఇవాళ్టితో బడి మానేస్తానని హెడ్మాస్టరుగారితో చెప్పిరా అమ్మాయ్. పిల్లల్ని ఆడించడానికి నువ్వే ఉండాలా ఏంటి?"

దానమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలైనప్పటి నుంచీ ఇంట్లో ఇదే మాట. భర్త జ్ఞానానందం రేపల్లె తాలూకా ఆఫీసులో గుమాస్తా. చెడ్డవాడేం కాదు, గొంతు పెంచి ఎరగడు. "అమ్మకి చేసేవాళ్లెవరు కుమారీ? నువ్వే ఆలోచించు" అంటాడు, అంతే. ఆలోచించడం కూడా ఆమె పనుల్లో ఒకటైపోయింది. తెల్లారకముందు పొయ్యి దగ్గర మొదలైతే, వంట, అత్తకి కాపడం, ఆయన చొక్కా ఇస్త్రీ, ఆ తర్వాతే బడి. అక్కడే ఆమెకి కాస్త ఊపిరాడేది. ఆ సంగతి ఎవరికి చెబుతుంది? ఎవరూ అడగలేదు.

ఆ రోజు రెండో తరగతి పిల్లలకి ఆమె చెప్పాల్సింది తోయడం, లాగడం పాఠం.

"తలుపు తోస్తే ఏమవుద్ది?"

"తెరుచుకుంటదండి."

"మరి నన్ను కదపగలరా?" అని పొడవాటి బల్ల మీద కూర్చుంది.

పిల్లలంతా వెనక చేరి తోశారు. బల్ల కదల్లేదు. కరుణ అనే పిల్ల, "కొంతమంది ముందు నుంచి లాగాలండి" అంది. సగంమంది ముందుకొచ్చారు. బల్ల కిర్రుమని కదిలింది. ఊహ తెలిశాక తన బరువు ఇంకొకరు పట్టడం ఇదే మొదలు. దేవకుమారికి నవ్వూ కన్నీళ్లూ కలిసి వచ్చాయి.

తలెత్తేసరికి గుమ్మంలో జ్ఞానానందం. హెడ్మాస్టరుతో చెప్పిందో లేదో కనుక్కోవడానికి వచ్చాడు. భార్య అలా నవ్వడం చూసి అక్కడే ఆగిపోయాడు.

"సార్ కూడా కూర్చోండి, ఇద్దర్నీ లాగుతాం" అంది కరుణ.

"ఆయన కూర్చోవడం వద్దమ్మా. వెనక ఒక చెయ్యి వెయ్యమను" అంది దేవకుమారి.

పిల్లలందరూ ఆయన వైపే చూస్తున్నారు. గొడుగు గోడకి ఆనించి, సిగ్గుపడుతూనే వంగి తోశాడు. బల్ల నల్లబల్ల దాకా వెళ్లి ఆగింది.

"బరువేనే" అన్నాడు రొప్పుతూ, మెల్లిగా.

"అవునండి. నేను బడి మాననండి. అత్తయ్య పని ఇద్దరం చూసుకుందాం."

ఏ మాట అన్నా వెంటనే ఆయన మొహంలోకి చూడటం ఆమెకి అలవాటు. ఆ పూట చూడలేదు. సుద్దముక్క తీసుకుని పాఠం రాయడం మొదలుపెట్టింది.