మంగళవారం కోర్తె

"మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి కోర్తె. ఆ, నాకే."

నెరెయిదా వంటింట్లో ఫోను చెవికి ఆనించుకుని, గొంతు తగ్గించి చెప్పిన మాట ఇది. గుమ్మానికి అవతల పచ్చి కందికాయలు ఒలుస్తున్న అత్తగారు దోన్యా ఎర్సిలియా చెవిన పడనే పడింది. ఆవిడ చెవులు ఇప్పటికీ గట్టివే. అర్థం దగ్గరే తేడా కొట్టింది.

స్పానిష్‌లో కోర్తె అంటే కత్తిరింపు. జుట్టుకి కత్తెర వేయించుకోవడం. కానీ వీళ్ళుండే బ్రాంక్స్‌ పేటలో ఏళ్ళ తరబడి కాపురమున్నవాళ్ళకి కోర్తె అంటే కోర్టు. ఇంగ్లీషు ముక్కకి స్పానిష్ గౌను తొడిగారన్నమాట. దోన్యా ఎర్సిలియా డొమినికన్ దేశంలోని మోకా ఊరి నుంచి వచ్చి రెండేళ్ళే అయింది. అక్కడ కోర్టుని త్రిబునాల్ అంటారు. కాబట్టి ఆవిడకి కోర్తె అనగానే కత్తెర కనబడింది. నిజానికి రెండింటికీ పెద్ద తేడా లేదు. రెండు చోట్లా వరసలో కూర్చోబెడతారు, తల వంచమంటారు, లేచేసరికి ఎంతో కొంత తెగే ఉంటుంది.

సాయంత్రానికి కింది అంతస్తులో ఉండే ఆడపడుచు యొకాస్తా మెట్లెక్కి వచ్చింది.

"ఏంటొదినా, నడుం దాకా ఉన్న జుట్టుని కోయించేస్తున్నావంట?"

"ఎవరు చెప్పారు?"

"అమ్మ చెప్పింది. మంగళవారమంట, తొమ్మిదిన్నరకంట. టైంతో సహా చెప్పింది."

నెరెయిదా సరిదిద్దబోయి ఆగింది. ఫోనులో ఉచిత లాయర్ల ఆఫీసు అమ్మాయి ఇందాకే చెప్పింది కదా, జరిగిన సంగతి లాయరుతో తప్ప ఎవరితోనూ మాట్లాడొద్దని. జుట్టంటే జుట్టే అనుకోనీ.

జరిగిందేమిటంటే, మూడు వారాల కిందట అత్తాకోడళ్ళు మందుల షాపుకి వెళ్ళారు. అత్తగారు కాళ్ళు లాగుతున్నాయని ముందే బయటపడి, బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ జుట్టుకి వేసుకునే నల్లరంగు డబ్బా ఒకటి కోడలి భుజం సంచిలో జారవిడిచింది. దొంగతనానికి కాదు. ఆవిడ పద్ధతే అంత. ఏ వస్తువైనా కోడలి సంచిలో పడేస్తే చాలు, దాని సంగతి కోడలే చూసుకుంటుంది. నెరెయిదా బుట్టలో ఉన్నవాటికి డబ్బు కట్టి గుమ్మం దాటబోతుంటే మిషను కుయ్యిమంది. అక్షరాలా రంగు పడింది.

పోలీసులు వచ్చారు. ఒకే ప్రశ్న వేశారు, "ఈ సంచి ఎవరిది?" అని. "నాదే" అంది. స్టేషనుకి తీసుకెళ్ళి పది వేళ్ళకీ ముద్రలు తీసుకున్నారు. నాలుగు గంటల తరువాత చేతిలో ఒక కాగితం పెట్టి ఇంటికి పొమ్మన్నారు. హాజరు టికెట్టట. సినిమా టికెట్టు కొనుక్కుని వెళ్ళకపోతే మన సీటు ఖాళీగా ఉంటుంది, అంతే. ఈ టికెట్టుకి వెళ్ళకపోతే వాళ్ళే వారంటు పట్టుకుని ఇంటికొస్తారు.

ఆ రోజు ఇంటికి చేరగానే అత్తగారు అడిగిన మొదటి మాట, "నా రంగు డబ్బా ఏదీ?"

"లేదత్తయ్యా."

"లేకపోవడమేంటి? నీ సంచిలోనే వేశా కదా. పారేసుకున్నావా? నీ తల ఎక్కడ పెట్టుకుంటావో!"

తల ఆ నాలుగు గంటలూ రెండు చేతుల్లో పెట్టుకునే కూర్చుంది. ఆ సంగతి చెప్పలేదు. చెబితే ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, అరిచేవాళ్ళు అరుస్తారు, వాళ్ళందరికీ కాఫీ మాత్రం తనే పెట్టాలి. దానికి ఓపిక లేదు. వారానికి ఐదు రోజులు మిసెస్ కాప్లన్ అనే ఎనభై ఎనిమిదేళ్ళ పెద్దావిడకి స్నానం చేయించి, మందులు అందించి, ఆవిడ కోపాలు భరించడం నెరెయిదా ఉద్యోగం. దొంగతనం రుజువైందని రికార్డుకెక్కితే ఏజెన్సీ వాళ్ళు మరే పెద్దావిడ గుమ్మమూ తొక్కనివ్వరు. పదకొండేళ్ళ ఉద్యోగం ఒక్క రంగు డబ్బాలో కరిగిపోతుంది.

ఆదివారం భోజనాల దగ్గర కోర్తె సంగతి మళ్ళీ వచ్చింది, అత్తగారి నోటి మీదుగా జుట్టు సంగతిగానే. భర్త రదమెస్ టాక్సీ నడుపుతాడు. ఊళ్ళో ప్రతి మలుపూ తెలుసు, ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు.

"మంగళవారం పదింటికి అమ్మకి కాళ్ళ డాక్టరు. రెండు నెలల కిందట దొరికిన అపాయింట్‌మెంటు. నువ్వు లేకపోతే డాక్టరు ఇంగ్లీషు అమ్మకి ఎవరు చెప్తారు? నీ కోర్తె వాయిదా వేసుకో."

వాయిదా అన్న మాట వినగానే నెరెయిదాకి మూడు వారాల్లో మొదటిసారి నవ్వొచ్చింది. "వాయిదా వెయ్యడం నా చేతుల్లో లేదు."

"మరెవరి చేతుల్లో ఉంది? ఆ కత్తెరమ్మ అంత గొప్పదా?"

"గొప్పదే. నల్లగౌను వేసుకుని ఎత్తులో కూర్చుంటుంది."

"గౌను అందరూ వేసుకుంటారే, మీద జుట్టు పడకుండా" అంది అత్తగారు. "ఇంతకీ ఎంత కోయిస్తావు?"

"అక్కడికెళ్ళాక వాళ్ళు చెప్తారు."

"వాళ్ళు చెప్పడమేంటే! తల నీదా, వాళ్ళదా?"

"నా తరఫున మాట్లాడటానికి ఒకామె వస్తుందిలెండి."

యొకాస్తా చెంచా కింద పెట్టేసింది. "జుట్టు తరఫున మాట్లాడటానికి మనిషా! ఏ సెలూన్‌కి వెళ్తున్నావొదినా? నాకూ చెప్పవూ!"

"నూట అరవై ఒకటో వీధిలో. నువ్వు వెళ్ళకపోవడమే మంచిది."

"నన్నడక్కుండా జుట్టు కోయించుకుంటే ఊరుకోను" అన్నాడు రదమెస్, అరటికాయ ముద్ద మీద వేయించిన ఉల్లిపాయలు వడ్డించుకుంటూ. "పెళ్ళికి ముందు నేను చూసింది ఆ జుట్టునే."

నిజమే, జుట్టునే చూశాడు. దాని కింద ఒక తల ఉందనీ, ఆ తలలో అత్తగారి కాళ్ళ డాక్టరు, ఆడపడుచు అద్దె కాగితం, మొగుడి లైసెన్సు గడువు, మిసెస్ కాప్లన్ రక్తపోటు మాత్రలు వరసగా నిలబడి తమ వంతు ఎప్పుడా అని చూస్తుంటాయనీ అతనికెందుకు తెలుస్తుంది? ఇంట్లో ఏ కాగితం వచ్చినా "నెరీ, ఇదేంటో చూడు" అని ఆమె ముందు పడేస్తాడు. కాగితం చూస్తే అతనికి కళ్ళు మండుతాయట. భుజం సంచి కూడా అంతే. అతని ఫోను ఛార్జరు, అత్తగారి కళ్ళజోడు, జపమాల, చేదు బిళ్ళలు, యొకాస్తా గొడుగు అందులోనే ఉంటాయి. పెళ్ళయిన కొత్తలో, ఇరవై రెండేళ్ళ కిందట, ఆ భుజానికి సంచి తగిలించుకుంది. ఇప్పుడు సంచికే భుజం తగిలించినట్టుంది. కుడిభుజం ఎడమదానికంటే కిందికి దిగిందని మిసెస్ కాప్లన్ గమనించింది. ఇంట్లో ఎవరూ గమనించలేదు. సంచి మాయమైతే గమనిస్తారు.

ఆ సంచి బరువులో నేరం కూడా ఒకటి ఉన్నట్టు షాపు గుమ్మం దగ్గరే తెలిసింది. అందరివీ మోసేదానికి అది బరువనిపించలేదు. అలవాటుగా "నాదే" అనేసింది. రాత్రీ పగలూ నమలుతున్నది ఆ ఒక్క మాటనే.

మంగళవారం ఏడింటికి నెరెయిదా లేచింది. రోజూ పొద్దున పెట్టే మంగు, అదే అరటికాయ ముద్ద, చెయ్యలేదు. పొయ్యి మీద కాఫీ కూడా పెట్టలేదు. అందరి వస్తువులూ సంచిలోనే వదిలేసి, ఆ సంచినే గుమ్మం పక్క కొక్కేనికి తగిలించింది. టికెట్టూ, గుర్తింపు కార్డూ, బస్సు కార్డూ చేతిలో పట్టుకుంది. చేతులు ఎంత తేలిగ్గా ఉన్నాయంటే, ఏదో మరిచిపోయానేమోనని గుమ్మంలో రెండుసార్లు ఆగింది.

"అమ్మ కాళ్ళు?" అన్నాడు రదమెస్ దుప్పట్లోంచి.

"అమ్మ దగ్గరే ఉన్నాయి. నువ్వు తీసుకెళ్ళు."

ఫోనులో ఆ అమ్మాయి గంట ముందు రమ్మంది, శుభ్రమైన బట్టలు వేసుకోమంది, తొందరపడి తప్పు ఒప్పుకోవద్దంది. అన్నీ చేసింది. కోర్టు బయట వరస వీధి మలుపు దాకా ఉంది. లోపల బెల్టులు, చెప్పులు, ఫోన్లు ట్రేలలో పెట్టించారు. బల్లల మీద రెండు గంటలు కూర్చున్నాక, ఫైళ్ళ దొంతర మోసుకుంటూ లాయరమ్మ వచ్చింది. పేరు మిస్ అబ్రేయు. ఆమె భుజాలు కూడా ఓ పక్కకి వాలి ఉన్నాయి.

"షాపు కెమెరా చూశాను" అంది స్పానిష్‌లో. "మీ సంచిలో డబ్బా వేసింది మీ చెయ్యి కాదు. ఆ పెద్దావిడ ఎవరు?"

"మా అత్తగారు. ఆవిడ దొంగ కాదమ్మా. నేనే చూసుకుంటాననుకుంది."

"మీరు చూసుకోలేదా?"

"ఆ ఒక్కసారీ చూసుకోలేదు."

లాయరమ్మ ఫైలు మీద నుంచి తలెత్తింది. "అదేమీ నేరం కాదండీ."

ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఎవరో అనడం అదే మొదలు. అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. కాగితపు రుమాలు కోసం అలవాటుగా కుడిపక్కకి చెయ్యి పెట్టింది. సంచి లేదు. లాయరమ్మే తన రుమాలిచ్చింది.

జడ్జి ముందు మూడు నిమిషాలు కూడా పట్టలేదు. కేసు ఆరు నెలలు వాయిదా. ఈలోగా ఏ గొడవా లేకుండా ఉంటే దానంతటదే కొట్టేస్తారు. తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఏజెన్సీ వాళ్ళు అడిగితే తనకి ఫోన్ చెయ్యమని, ఉత్తరం రాసిస్తానని లాయరమ్మ చెప్పింది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అందరూ ముందుగదిలోనే ఉన్నారు. కుర్చీ మీద కాళ్ళు చాపుకుని అత్తగారు, పక్కన ఆ పూటకి టాక్సీ మానేసిన రదమెస్, కొత్త తల చూడ్డానికి వచ్చిన యొకాస్తా. ముగ్గురి కళ్ళూ ఒకేసారి నెరెయిదా తల మీద వాలాయి. జడ నడుం దాకా, పొద్దున ఉన్నట్టే ఉంది.

"ఏదీ కోత?" అంది యొకాస్తా.

"చెప్పలా నేను? కత్తెరమ్మ మోసం చేసింది!" అంది అత్తగారు. "డాక్టరు చెప్పింది వీడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మేం అక్కడ మూగవాళ్ళమైపోతే, నువ్వు ఊరికే షికారు కొట్టొచ్చావు."

నెరెయిదా కాగితం తీసి బల్ల మీద పరిచింది.

"అత్తయ్యా, మీ ఊళ్ళో త్రిబునాల్ అంటారే, దాన్నిక్కడ కోర్తె అంటారు. నేను వెళ్ళింది జుట్టుకి కాదు, జడ్జి దగ్గరికి. ఆ రోజు మీరు నా సంచిలో వేసిన రంగు డబ్బాకి. పోలీసులు పట్టుకున్నారు. వేలిముద్రలు తీసుకున్నారు. డబ్బా నేను పారేసుకోలేదు, షాపువాళ్ళే తీసుకున్నారు."

అత్తగారి చెయ్యి పాపిట్లో తెల్లబడిన వెంట్రుకల మీదికి దానంతటదే వెళ్ళింది.

"నాదని చెప్పకపోయావా, పిల్లా?" ఆవిడ గొంతు తగ్గింది.

"వాళ్ళు డబ్బా ఎవరిదని అడగలేదత్తయ్యా. సంచి ఎవరిదని అడిగారు."

కొక్కెం మీంచి సంచి దించి బల్ల మీద బోర్లించింది. ఛార్జరు, కళ్ళజోడు, జపమాల, చేదు బిళ్ళలు, గొడుగు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరివి వాళ్ళ ముందుకి జరిపింది. చివర్న ఒక తాళంచెవి, పెదాలకి రాసుకునే మైనం మిగిలాయి. తనవి ఆ రెండే.

"మరి జడ్జేమన్నాడు?" అడిగాడు రదమెస్. కాగితం వైపు చూసి, కళ్ళు చికిలించి, అలవాటుగా దాన్ని ఆమె వైపే తోశాడు. "ఏముందో చూడు, నెరీ."

నెరెయిదా కాగితం అందుకుంది. ఆ ఇంట్లో ఇంగ్లీషు కాగితాలకి అర్థం చెప్పేది ఎప్పుడూ ఆమే. అందులో ఏముందని ఆమె అంటే అదే ఉంటుంది.

"ఆరు నెలల దాకా నా సంచిలో నాది కానిదేదీ ఉండకూడదు" అని చదివింది.

"ఆ తరువాతో?" అంది అత్తగారు ఆశగా.

"అప్పటికి మీకు అలవాటవుతుంది, అత్తయ్యా."