నూట తొంభై రెండు అంగలు

మా షెడ్డులో వంద అడుగుల టేపు ఒకటి మేకుకి వేలాడుతూ ఉంటుంది. కొని పదిహేనేళ్లయినా కొత్తదానిలాగే ఉంది. దాని మీద చెయ్యి వేస్తే నాన్నకి కోపం. రోడ్డు పనిలో దిగిన నాటి నుంచీ ఆయన పొడవు కొలిచేది కాళ్లతోనే. ఒక అంగ అంటే రెండున్నర అడుగులు, వెంట్రుకవాసి తేడా రాదు. అందుకే మా మనుషులు ఆయన్ని అంగల మేస్త్రి అంటారు. దీనికి తోడు మా ఇంట్లో ఇంకో పట్టింపు ఉంది. ఒకరు కొలిచింది ఇంకొకరు మళ్లీ కొలవకూడదు. "నమ్మకం లేకపోతే ముందే చెప్పు, ఇంట్లో కూర్చుంటా" అంటాడు నాన్న. ఆ మాట ఎవరూ ఆయన చేత రెండోసారి అనిపించుకోలేదు.

మేం వేసేవి పెద్ద రోడ్లు కావు. సందులు, పెరటి దారులు, బడుల ముందు ఖాళీ జాగాలు. అది కూడా పాత తారుతో. పెద్ద రోడ్డుని యంత్రం చెక్కినప్పుడు వచ్చిన పెచ్చుల్ని యార్డులో పొడి చేసి అమ్ముతారు. దాన్ని పరిచి, రోలరు ఎక్కిస్తే ఎండకీ బరువుకీ మళ్లీ అతుక్కుని గట్టి దారి అవుతుంది. చిక్కల్లా ఆ అతుక్కోవడంతోనే. ఎక్కువ తెప్పిస్తే కుప్పలోనే గడ్డకడుతుంది, యార్డు వాళ్లు వెనక్కి తీసుకోరు. తక్కువ తెప్పిస్తే పని మధ్యలో ఆగుతుంది, ఆగిన చోట అతుకు కనిపిస్తుంది. కాబట్టి ఎన్ని టన్నులు చెప్పాలన్నది తేలితే సగం పని అయినట్టే. పొడవు చెప్పడం నాన్న వంతు, మిగతా లెక్క నా వంతు. పద్దెనిమిదేళ్లుగా ఇలాగే నడుస్తోంది.

ఈ మధ్య రెండు పనుల్లో సరుకు మిగిలిపోయింది. రెండోసారి ఏకంగా ఒక లారీ. ఎండలో రెండు రోజులు పడి ఉండేసరికి రాయిలా బిగిసిపోయింది, గునపాలతో పగలగొట్టాల్సి వచ్చింది. నా నోరు మంచిది కాదు. యార్డులో తూకం చూసే బాబాయికి ఫోన్ చేసి కడిగేశాను. ఆయన పాపం తూకం చీటీలన్నీ వరసగా పంపించి, "అమ్మాయ్, నా కాటాలో తేడా ఉంటే నా ముఖం చూడకు" అన్నాడు. ఆయన కాటాలో తేడా లేదు. అప్పుడు రోలరు నడిపేవాడి మీద పడ్డాను. నేను ఇలా అందరి మీదా విరుచుకుపడుతున్నంతసేపూ నాన్న లారీ మెట్టు మీద కూర్చుని చెప్పుల దుమ్ము దులుపుకుంటూ ఉన్నాడు. నా గొడవలో నేనుండి అదేం పట్టించుకోలేదు.

ఆ తర్వాత వచ్చింది గ్రంథాలయం వెనక సందు పని. పుస్తకాల బండ్లు వచ్చే దారి అది, పది అడుగుల వెడల్పు, మధ్యలో ఒక మలుపు. నేల చదును చేసి, పైన సన్నటి రాతి పొడి చల్లి ఉంచారు. నాన్న గేటు దగ్గర మొదలుపెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, పెదవులు కదుపుతూ నడిచాడు. నేను కాగితాలు పట్టుకుని వెనకే వెళ్లాను.

రాతి పొడిలో ఆయన చెప్పుల అచ్చులు శుభ్రంగా పడ్డాయి. చిన్నప్పుడు నాన్న వెనక నడవడమంటే నాకు పెద్ద ఆట. ఒక అచ్చు మీంచి ఇంకో అచ్చు మీదికి గెంతేదాన్ని. తప్పి మధ్యలో పడితే ఓడిపోయినట్టు. పెద్దయ్యాక గెంతడం మానేశాను కానీ, నేను పొట్టిదాన్ని కదా, ముప్పై ఏళ్లప్పుడు కూడా ఆ అచ్చుల్లో అడుగు వేయాలంటే కాలు బాగా సాగదీయాల్సిందే. ఆ రోజు సందులో పదీ పన్నెండు అడుగులు వేశాక కిందికి చూసుకున్నాను. నా చెప్పులు సరిగ్గా నాన్న చెప్పుల అచ్చుల్లో పడుతున్నాయి. నేను మామూలుగానే నడుస్తున్నాను.

నాన్న మలుపు తిరిగేదాకా ఆగి, సంచిలోంచి చిన్న టేపు తీసి, దొంగతనం చేస్తున్నదానిలా చుట్టూ చూసి, రెండు అచ్చుల మధ్య పెట్టాను. ఇరవై నాలుగు అంగుళాలు. ముందుకి వెళ్లి ఇంకోచోట పెట్టాను. అక్కడా అంతే. అంగకి అర అడుగు తగ్గిపోయింది. మిగిలిపోయిన లారీ ఎక్కడి నుంచి వచ్చిందో, బాబాయిని నేను ఎంత అన్యాయంగా తిట్టానో అక్కడే అర్థమైంది.

అవతలి చివర, సందు వీధిలో కలిసే చోట నాన్న నిలబడి ఉన్నాడు. మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఎటో చూస్తూ కొంచెంసేపు ఆలోచించాడు. ఆయాసం తీర్చుకుంటున్నాడనుకున్నాను.

"నూట తొంభై రెండు. రాసుకో" అన్నాడు.

రాసుకున్నాను.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. నాన్న పెరట్లో ఉన్నాడు. "అమ్మా, నాన్న అంగ కురచబడింది. ఈ సంగతి ఆయనకి తెలిస్తే మళ్లీ పనికి రాడు. అంగకి రెండడుగుల చొప్పున నేనే లెక్క సర్దేస్తా. నువ్వు మాత్రం నోరు జారకు."

అమ్మ గిన్నె తోముతున్నదల్లా ఆగింది. "అదేమిటే, ఆయన కూడా నాతో..." అని ఠక్కున నోరు మూసేసుకుంది.

"నీతో ఏమిటి?"

"ఏం లేదులే. మీ లెక్కలు నాకేం తెలుస్తాయి? నన్ను మధ్యలోకి లాగకండి."

నాన్నకి ఆ పని తీసేస్తే ఏం మిగులుతుందో నాకు తెలుసు. పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, నా కంటే ముందు లారీ దగ్గర నిలబడే మనిషి. ఆయనకి డెబ్బై రెండేళ్లని నాకు తెలియక కాదు, ఆ సంఖ్య కాగితం మీద ఉన్నంతకాలం నాకు దాని వల్ల ఇబ్బంది రాలేదు. రాతి పొడిలో కొలిచి చూసేసరికి తట్టుకోలేకపోయాను. ఆయన నాతో రాని పని నేను ఊహించలేను. చెప్పాలంటే, ఆయన కోసం కంటే నా కోసమే ఎక్కువ భయపడ్డాను.

కాగితం తీసుకుని కూర్చున్నాను. నూట తొంభై రెండు అంగలు, అంగకి రెండు అడుగులు, మొత్తం మూడు వందల ఎనభై నాలుగు అడుగులు. వెడల్పు పది. రోలరు తొక్కాక మూడంగుళాలు మిగలాలి. అన్నీ వేస్తే యాభై ఆరు టన్నులు, అంటే నాలుగు లారీలు. బాబాయికి ఫోన్ చేసి ముందు క్షమాపణ అడిగాను, తర్వాత సరుకు చెప్పాను. "ఈసారి కుప్ప మిగలదు బాబాయ్" అన్నాను ధీమాగా.

మర్నాడు మధ్యాహ్నానికి నాలుగో లారీ కూడా దించేసి వెళ్లిపోయింది. మలుపు దాటాక దారి నల్లగా, చదునుగా వచ్చింది. మా మనుషులు చివరి పారలు లాగుతుంటే నేను ముందుకి చూశాను. ఇంకా బోలెడంత దారి తెల్లగా, రాతి పొడితో పడి ఉంది. కుప్ప మాత్రం అయిపోయింది.

నాన్న తాపీగా నా పక్కకి వచ్చాడు. "ఐదో లారీ ఎప్పుడొస్తుందన్నాడు?"

"ఐదోదెక్కడిది నాన్నా? నాలుగేగా చెప్పింది."

"నాలుగేమిటి? నూట తొంభై రెండు అంగలకి ఐదు రావాలి కదా." కాగితం కోసం చెయ్యి చాచాడు.

ఇవ్వకుండా ఉండాలనుకున్నాను. కానీ ఆయన చెయ్యి అలాగే చాచి ఉంది. ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కింది దాకా చదివాడు. 'అంగకి రెండు' అన్న చోట ఆయన వేలు ఆగింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు మెల్లగా.

"నిన్న. నీ అచ్చుల మధ్య టేపు పెట్టాను. తప్పే. నువ్వు కొలిచింది నేను మళ్లీ కొలిచాను."

నాన్న కళ్లజోడు తీసేశాడు. "నాకు పోయిన నెలే తెలిసింది. ఆ మిగిలిన లారీ చూడగానే అనుమానం వచ్చింది. ఇంట్లో వసారాలో మీ అమ్మ చేత స్కేలు పట్టించి కొలిపించుకున్నా. అందుకే నిన్న లెక్కించాక ఐదింటికి ఒకటి తీసేసి, పాత అంగల లెక్కన చెప్పా. నేను నడిచింది రెండు వందల నలభై."

ఆయన తగ్గించి చెప్పిన అంకెని నేను మళ్లీ తగ్గించాను. ఒకరికి తెలియకుండా ఒకరు దిద్దుకుంటూ పోయి, ఇద్దరం కలిసి ఒక లారీ సరుకు మింగేశాం. ఇద్దరి గుట్టూ కడుపులో పెట్టుకుని అమ్మ ఇంట్లో హాయిగా కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"ఏమని చెప్పను? అంగ పోయాక ఇక నాతో పనేముంది నీకు? లారీ మెట్టు మీద కూర్చోబెట్టడానికి నన్ను ఎక్కించుకు తిరుగుతావా?" నవ్వుతూ అనబోయాడు కానీ నవ్వు రాలేదు. "చెప్తే రావద్దంటావేమోనని భయం వేసిందే."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. విసవిసా లారీ దగ్గరికి వెళ్లి, ఎందుకైనా మంచిదని పొద్దున్నే ఎవరికీ కనపడకుండా సీటు కింద దాచి తెచ్చిన షెడ్డు టేపు పట్టుకొచ్చాను. కొక్కెం ఉన్న కొస ఆయన చేతిలో పెట్టాను.

"దీనికి రెండు కొసలున్నాయి. ఒకటి నేను పట్టుకుంటా, రెండోది ఎవడు పట్టుకుంటాడు? నాకు నమ్మకమైన మనిషి కావాలి. కదపకుండా పట్టుకో."

నాన్న కొక్కేన్ని నల్లటి దారి అంచుకి ఆనించి, మోకాలు నొప్పెడుతున్నా వంగి, రెండు వేళ్లతో నొక్కిపట్టాడు. నేను టేపు విప్పుకుంటూ వీధి దాకా వెళ్లాను. "వదలకు నాన్నా" అని కేకేశాను. "వదల్లేదే" అన్నాడు.

"తొంభై ఆరు అడుగులు."

బాబాయికి ఫోన్ చేశాను. ఇంకో లారీ గంటలో పంపిస్తానన్నాడు, ఎందుకు తగ్గిందని మాత్రం అడగలేదు. నేను టేపు చుట్టుకుంటూ వెనక్కి వచ్చేసరికి నాన్న లేచి నిలబడి ఆ మిగిలిన తెల్లటి దారి కేసి చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"తొంభై ఆరంటే" అన్నాడు, "నా అంగల్లో నలభై ఎనిమిది."

కురచబడిన అంగని తన అంగ అని ఆయన పైకి అనడం అదే మొదటిసారి.

"నడిచి చూద్దామా?" అన్నాను.

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఈసారి నేను వెనక కాదు, పక్కనే నడిచాను. ఇద్దరం పైకే లెక్కపెట్టుకుంటూ వెళ్లాం. నేను గెంతలేదు, కాలు సాగదీయలేదు. నలభై ఎనిమిదో అడుగు ఇద్దరిదీ ఒకేసారి వీధి అంచున పడింది.