ఏ-టూ ముద్దాయి హేమ్లి

బద్యాను పోలీసులు కాల్చినప్పుడు పొద్దున పది గంటలైంది. మా తండాలో ముప్ఫై మందిమి చూశాం.

పోడు కేసులో రెండు వాయిదాలకు కోర్టుకు పోలేదని అతని మీద వారంటు ఉంది. జీపు వచ్చేసరికి ఇంటి ముందు కంచె కోసం ముళ్లకొమ్మలు నరుకుతున్నాడు. పోలీసులను చూడగానే గొడ్డలి అలాగే పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. కిందటేడు స్టేషన్‌లో తిన్న దెబ్బలు అతను మరచిపోలేదు.

"గొడ్డలి కింద పడెయ్ రా!" ఎస్సై అరిచాడు. కుర్రవాడు. అప్పటికే పిస్తోలు తీశాడు.

"కొట్టనంటె పడేస్త సారూ!"

భార్య హేమ్లి మధ్యలోకి ఉరికింది. "జర ఆగుండ్రి. నేను చెప్తె ఇంటడు. నేను గుంజుకుంట."

కానిస్టేబుల్ ఆమెను జుట్టు పట్టి పక్కకు ఈడ్చాడు. అది చూసి బద్యా ఒక్క అడుగు ముందుకేశాడు. ఎస్సైకీ అతనికీ మధ్య ఇంకా రెండు ఎడ్లబండ్లు పట్టేంత జాగా ఉంది. రెండు గుండ్లు పేలాయి.

పొట్ట పట్టుకుని కూలబడ్డవాణ్ణి దవాఖానాకు తీసుకుపోదామని నేను ఆటో స్టార్ట్ చేశాను. "ముట్టుకున్నవంటె నీ మీద గూడ కేసే" అన్నారు. ఇంకో జీపు వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. కొత్తగూడెం దారిలో బద్యా ప్రాణం పోయింది.

సాయంత్రానికి కేసు తయారైంది. పోలీసుల మీద హత్యాయత్నం. ఏ-వన్ చచ్చిపోయిన బద్యా. మొగుణ్ణి ఉసిగొల్పిందని ఏ-టూ హేమ్లి.

ఆర్డీవో విచారణ చేస్తారని, చూసినవాళ్లు వచ్చి చెప్పొచ్చని నోటీసు అంటించారు. రైతుకూలీ సంఘం రమణ తండాలో మీటింగ్ పెట్టాడు.

"పోయి సాక్ష్యం చెప్పినోళ్ల మీద మళ్ల కేసులే గద" అన్నాడు మా తండా హీరాలాల్. "అయినా, వాడు గొడ్డలి ఎందుకు పట్టిండు?"

హేమ్లి లేచింది. "పట్టిండు. పట్టలేదని చెప్పమంటలేను. అడుగేసిండు, గదీ చెప్పుండ్రి. అడుగేస్తె సంపుడేనా? గది అడుగుండ్రి."

వాగు అవతలి కోయగూడెం నుంచి వచ్చిన పగిడయ్య లేచాడు. కాల్పుల రోజున అతనూ తండాలోనే ఉన్నాడు. "భూమి కాడ మీకూ మాకూ పంచాయితీ ఉంది. గది ఉంటది. గని నేను చూసింది చూసిన. నేనొస్త."

తొమ్మిదిమంది వెళ్లారు. నేను వెళ్లలేదు. ఆటో గుంజుకుపోతారని భయం. కిరాయి ఉందని చెప్పి దమ్మపేట వెళ్లాను.

"దూరం కొలిచినవా?" అని ఆర్డీవో ఆఫీసులో పగిడయ్యను అడిగారట. లేదన్నాడు. సాక్షి దూరం చెప్పలేకపోయాడని రాసుకున్నారు. రెండు నెలలకు రిపోర్టు వచ్చింది. ఆత్మరక్షణ కోసమే కాల్పులు. వారం తిరగకుండా ఆ తొమ్మిదిమంది పేర్లూ కేసులో ఎక్కాయి, విధులకు అడ్డం పడ్డారని.

తీసుకుపోవడానికి వ్యాను వచ్చింది. పేర్లు చదువుతుంటే తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. హీరాలాల్ తలుపు కూడా. హేమ్లి ఎవరినీ పిలవకుండా వ్యానెక్కి కూర్చుంది. ఇంక నాకు పక్కన నిలబడి చూడబుద్ధి కాలేదు.

"నేను గూడ చూసిన" అన్నాను.

"లిస్టుల లేవు. పో."

"వీరన్న. రాసుకోండ్రి."

రాసుకున్నారు.

మా బెయిలు రెండుసార్లు కొట్టేశారు. హేమ్లిని ఆడవాళ్ల జైలుకు పంపారు. ఆమె చేలో పత్తి ఏరేవాళ్లు లేక వానకు నల్లబడిందని విన్నాం. నిన్న హీరాలాల్ నన్ను చూడ్డానికి జైలుకు ములాఖత్‌కు వచ్చాడు. చొక్కా చిరిగి ఉంది.

"పోడు కేసని మా తమ్ముడు చందూలాల్ కోసం పోలీసోళ్లు వచ్చిండ్రు. వాని చేతిల కొడవలి ఉండె. అందరం ఉరికి వాని సుట్టు నిలబడ్డం. గూడెపోళ్లు గూడ వచ్చిండ్రు. పిస్తోలు తీసిండ్రు గని కాల్చలే."

"ఇడిసిపెట్టిండ్రా?"

"లేదు. ఆడోళ్లను, ముసలోళ్లను కొట్టి వాణ్ణి తీస్కపోయిండ్రు. ఎక్కడున్నడో చెప్తలేరు."

"మరి మనోళ్లు?"

"స్టేషన్ ముంగట కూసున్నరు. ఎవ్వలూ లేస్తలేరు. నేను జల్దీ పోవాలె."

ములాఖత్ టైం ఇంకా ఉంది. హీరాలాల్ అప్పటికే గేటు దాటాడు.