గుమ్మం దగ్గర రొట్టెముక్క

మా అత్తగారు ఊర్కియా ఎవర్నీ ఉత్తినోటితో గడప దాటనివ్వదు. పాలవాడు వచ్చినా, కరెంటు మీటరు చూసేవాడు వచ్చినా, మా మేకపోతుని దొంగిలించాడని ఆవిడే కేసు పెట్టిన మనిషి వచ్చినా సరే, పోయేటప్పుడు రొట్టె తుంచి నోట్లో వేసుకుని పోవలసిందే. మా కజాకుల ఇళ్ళల్లో ఇది మామూలే. కానీ మా అత్తగారిది మామూలు కాదు, పూనకం. రొట్టె మీద వెన్న, వెన్న మీద మీగడ, మీగడ మీద తేనె. "రుచి చూడు చాలు" అంటుంది. ఆ రుచికి నాకు మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యదు.

దీనికో కారణం ఉంది. ఇరవై ఏళ్ళ కిందట మా మామగారు "ఉప్పు తెస్తా" అని రొట్టె ముట్టకుండా బయటికి పోయారు. ఇంతవరకూ రాలేదు. పోయారనుకునేరు, నిక్షేపంలా ఉన్నారు. పక్క జిల్లాలో పుచ్చకాయలు అమ్మే ఒకావిడ ఇంట్లో పొట్ట నిమురుకుంటూ కూర్చున్నారు. ఊరందరికీ తెలిసిన సంగతే. మా అత్తగారు మాత్రం ఆయన్నీ ఏమీ అనదు, పుచ్చకాయలావిడనీ ఏమీ అనదు. "రొట్టె రుచి చూడకుండా వెళ్ళాడు. అందుకే దారి తప్పాడు" అంటుంది. ఆవిడతో వాదించేకంటే గోడకి తల బాదుకోవడం నయం.

నేను పెద్ద కోడల్ని, గుల్‌షాత్‌ని. ప్రహరీకి ఇవతల వేరు కాపురం కాబట్టి బతికిపోయాను. అత్తగారితో ఉండేది నా తోడికోడలు జాదిరా. మా మరిదిది చమురు బావుల దగ్గర పని. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. పిల్ల మంచిది, నవ్వితే ఇల్లంతా వెలుగు. అయితే పెళ్ళయి నాలుగేళ్ళవుతున్నా కడుపు పండలేదు. నెలసరి దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది, గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తాయి. పట్నంలో స్కానింగు తీసి పీసీఓఎస్ అన్నారు. అండాశయాల్లో బుడగలట. మాత్రలు రాసి పంపించారు.

అంతవరకూ సరే. మిగతా సంగతులు ఆ మాత్రలకి లొంగలేదు. అన్నం తిన్నదంటే నిద్ర ముంచుకొస్తుంది. తినడం కాస్త ఆలస్యమైతే చేతులు వణుకుతాయి. నాకంటే తక్కువ తింటుంది, నడుం మాత్రం నాకంటే లావు. మెడ వెనక నల్లగా, మఖమల్ గుడ్డ అతికించినట్టు ఒక పట్టీ. మురికేమోనని ఆవిరి స్నానాల గదిలో గరుకు పీచుతో నేనే రుద్దాను. పిల్ల కుయ్యోమొర్రో అంది, మెడ ఎర్రబడింది, నలుపు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ వేసవిలో మా అమ్మ చుట్టపుచూపుగా వచ్చింది. వియ్యపురాలు కదా, మా అత్తగారు గొర్రెని కోయించింది. భోజనాలయ్యాక టీనీళ్ళు మరిగే సమోవార్ పక్కన జాదిరా టీ పోస్తోంది. మా దగ్గర గౌరవమున్న మనిషికి గిన్నెలో అడుగున కొంచెమే పోస్తాం, మళ్ళీ మళ్ళీ అడగాలని. నిండుగా పోశామంటే తాగేసి దయచెయ్యమని అర్థం. పోస్తూ పోస్తూ ఈ పిల్ల కునుకు తీసింది. గిన్నె అంచుదాకా నిండిపోయింది. మా అమ్మ ఆ గిన్నెవంక చూసింది, నావంక చూసింది, శాలువా తీసుకుని లేచింది. ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు.

మా అత్తగారు ఊరుకుంటుందా? "తిండిపోతు! సోమరిపోతు! తినడం, తూగడం! నా పరువు సిర్ నదిలో కలిపావు కదే!" అని ఆ రోజంతా దులిపేసింది. మర్నాడు జాదిరా గిన్నెలు కడుగుతూ నెమ్మదిగా అంది:

"అత్తయ్యా, నా ఒంట్లో ఏదో ఉంది. అదేంటో తేలాలి. తేలకపోతే మా అమ్మావాళ్ళింటికి వెళ్ళిపోతాను. సోమరిపోతు, సోమరిపోతు అనిపించుకుంటూ నేనిక్కడ ఉండలేను."

మా అత్తగారు పళ్ళెం తుడుస్తున్నదల్లా ఆగిపోయింది. "పో, ఎవరు పట్టుకున్నారు" అంది. ఆ గొంతులో బింకం ఉందిగానీ బలం లేదు.

శరత్కాలంలో దామెలీ అనే డాక్టరమ్మ పట్నం నుంచి మా ఊరి ఆసుపత్రికి వచ్చింది, ఒక్క వారం ఉంటానని. జాదిరాని నేనే తీసుకెళ్ళాను. డాక్టరమ్మ స్కానింగు కాగితాలు చూడకముందే దాని మెడ చూసింది. చంకలు చూసింది. నడుముకి టేపు పెట్టింది.

"షుగర్ చూపించుకున్నావా?"

"చూపించుకున్నానండీ. బాగానే ఉందన్నారు."

"షుగర్ బాగుంటే సరిపోదు తల్లీ. దాన్ని బాగా ఉంచడానికి నీ ఒళ్ళు ఎంత ఇన్సులిన్ ఖర్చు పెడుతోందో చూడాలి. రేపు పొద్దున్నే పరగడుపున రా. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకు."

మర్నాడు వెళ్ళింది. నర్సు "ఏమైనా తిన్నావా" అంటే "ఏమీ తినలేదండీ" అంది. రక్తమిచ్చి వచ్చింది. ఆ మర్నాడు డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి కాగితం అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఈ లెక్కలు పరగడుపువి కావే! నిజం చెప్పు, ఏం తిన్నావు?"

"ఒట్టు, ఏమీ తినలేదండీ."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది. ఆవిడా మా మనిషే కదా, వెంటనే పట్టేసింది. "గుమ్మం దగ్గర రొట్టె?"

జాదిరా తెల్లబోయింది. "అది తినడమెలా అవుతుందండీ? అది... రొట్టె రుచి చూడటం!"

నిజానికి నాకూ తట్టలేదు. గుమ్మం దగ్గర రొట్టెని తిండిలో ఎవరు జమకడతారు?

"దాని మీద ఏముంది?"

"వెన్న... మీగడ... కాస్త తేనె."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక బల్ల మీద వాలిపోయింది. "రేపు మళ్ళీ రా. ఎల్లుండి ఫలితం చెప్పి నేను వెళ్ళిపోతాను. రొట్టె కాదు కదా, రొట్టె వాసన కూడా చూడకు."

దారిలో జాదిరా నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, రేపు తప్పిపోతే ఇంక నావల్ల కాదు. అత్తయ్యకి నువ్వైనా చెప్పు."

చెప్పాను. గోడకి చెప్పినా తల ఊపేదేమో. "ఒక్క తునకకే పరీక్ష పాడవుతుందా? అలాంటి పరీక్ష ఎందుకూ, తగలెయ్యనా?" అంది అత్తగారు.

ఇక లాభం లేదని నేనో ఎత్తు వేశాను. గుమ్మం దాటితేనే కదా రొట్టె! తెల్లారగానే జాదిరా వెనక గది కిటికీలోంచి దిగాలి, నేను కింద బక్కెట్టు బోర్లించి పట్టుకోవాలి. అన్నీ బాగానే సాగాయి, నడుం దాకా. కిటికీలో ఇరుక్కుపోయింది. లోపలికీ పోదు, బయటికీ రాదు. నేను చేతులు పట్టుకుని లాగుతున్నాను, అది నవ్వుతోంది, ఏడుస్తోంది. పక్కింటి కుక్క ఊరంతా లేపేసింది.

తల తిప్పి చూస్తే మా అత్తగారు. చేతిలో రొట్టె.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. లోపలికి పోయి పిల్లని వెనక్కి లాగి నిలబెట్టింది, ముందు గదిలోకి నడిచి వెళ్ళి గడప మీద కూలబడింది. మా దగ్గర గడప తొక్కనే తొక్కం, దాని మీద కూర్చోవడం అపశకునం. మమ్మల్ని చిన్నప్పటినుంచీ అందుకే కొట్టారు. అలాంటిది ఆవిడే కూర్చుంది!

"దొంగలా కిటికీలోంచి పోతున్నావా? పుట్టింటికేగా? చెప్పు!" అంది.

"ఆసుపత్రికి అత్తయ్యా."

"ఆయనా ఉప్పుకనే చెప్పాడు."

అప్పుడు అర్థమైంది నాకు. పదేళ్ళుగా ఆవిడ రొట్టె తింటూ వెక్కిరించానే గానీ, అది పెట్టే చేతిలో ఇంత భయం ఉందనుకోలేదు.

జాదిరా ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చుంది. "నేను తిరిగి రావాలనే కదా వెళ్తున్నాను. అదేదో తేలితే నేనింక ఎక్కడికీ పోను. నా రొట్టె మీరే పట్టుకురండి. సూది పోటు అయిన మరుక్షణం మీ చేత్తోనే పెట్టండి."

అత్తగారు లేచింది. రొట్టెని తలగుడ్డ చెంగులో మూటకట్టింది. "పద. మూడు ముక్కలు పెడతా" అంది.

ఆసుపత్రిలో మొదటి సూది అవగానే అత్తగారు మూట విప్పింది. నర్సు "ఆగండాగండి" అని గ్లాసెడు చక్కెరనీళ్ళు జాదిరా చేతిలో పెట్టి, "ఇది తాగాలి. రెండు గంటలయ్యాక మళ్ళీ రక్తం తీస్తాం. అప్పటిదాకా ఏమీ పెట్టకండి" అంది.

"ఓర్నాయనో! రొట్టె పనికిరాదుట, గ్లాసెడు చక్కెర పనికొస్తుందిట! ఏం చోద్యమే గుల్‌షాత్!" అని వసారా అదిరిపోయేలా అరిచింది అత్తగారు. బల్ల మీద కూర్చున్న ముసలాళ్ళందరూ ఆవిడ పక్షమే.

ఆ రెండు గంటలూ ఆవిడ మూట మీద చెయ్యి తియ్యలేదు. కాసేపటికి జాదిరా మాట తడబడింది, కళ్ళు వాలిపోయాయి. తల జారి అత్తగారి భుజం మీద పడింది. వెలుతురులో మెడ మీది నల్లపట్టీ కనపడుతోంది. అత్తగారు కదలకుండా కూర్చుని దాన్నే చూస్తోంది.

"గుల్‌షాత్," అంది గుసగుసగా, "దీనికి పని చెప్పలేదు, పాటు చెప్పలేదు. తిన్నది కూడా ఏమీ లేదు, ఆ చక్కెరనీళ్ళు తప్ప. మరెందుకే ఇలా పడిపోయింది?"

"సోమరితనం కాబోలు అత్తయ్యా" అన్నాను. నా నోరు మంచిది కాదు.

"నోర్ముయ్" అంది. తలగుడ్డ అంచుతో ఆ పిల్ల నుదుటి చెమట తుడిచింది.

రెండో సూది తియ్యగానే రొట్టె పెట్టింది. జాదిరా ఒక్కసారి కొరికి, మిగతాది ఆవిడకే ఇచ్చి, "ఇది దాచండి. రేపు ఫలితం తెలుసుకొచ్చి తింటాను" అంది. దూరం వెళ్ళేవాళ్ళు మా దగ్గర అలాగే చేస్తారు. కొరికిన రొట్టె ఇంట్లో ఎదురుచూస్తుంటే మనిషి తిరిగి రాక తప్పదు.

మర్నాడు డాక్టరమ్మ చెప్పింది. "ఇన్సులిన్ అంటే చక్కెరని ఇంటింటికీ చేర్చే మనిషనుకో. వచ్చి తలుపు తడతాడు. నీ ఒంట్లో ఇళ్ళవాళ్ళకి చెవుడు. ఒకడు తడితే వినపడదని ఒళ్ళు పదిమందిని పంపిస్తోంది. చక్కెర ఎలాగో లోపలికి పోతోంది కాబట్టి ఇన్నాళ్ళూ పరీక్షలో బాగుందన్నారు. ఆ పదిమందీ ఊరికే ఉంటారా? అండాశయాల్ని గెలుకుతారు, మెడ నల్లబరుస్తారు, తిన్నదంతా నడుముకి చేరుస్తారు. దీన్ని ఇన్సులిన్ నిరోధకత అంటారు. పీసీఓఎస్ ఉన్నవాళ్ళలో చాలామందికి ఉంటుంది, సన్నగా ఉన్నవాళ్ళకి కూడా. మాత్ర రాస్తాను. రొట్టె, తీపి తగ్గించు. తిన్నాక కూర్చోకు, నడువు. నెలసరి దారిలో పడుతుంది, ఆ తర్వాత మిగతా సంగతి చూద్దాం."

"అయితే సోమరితనం కాదా?" అని అడిగింది జాదిరా.

"ఎవరన్నారు? నా దగ్గరికి పంపు."

అక్కడే కుర్చీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. జబ్బుందని చెబితే అంత ఆనందపడే మనిషిని నేనెక్కడా చూడలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. నేను డాక్టరమ్మ చెప్పిందంతా అప్పజెప్పాను. చెవుడు సంగతి దగ్గర "మీలాంటివాళ్ళన్నమాట ఆ ఇళ్ళవాళ్ళు" అని నా సొంతం కూడా కలిపాను. ఆవిడ వినిపించుకోలేదు. అలమర మీంచి కొరికిన రొట్టె తీసింది. గోరంత తుంచి జాదిరా నోట్లో పెట్టింది.

"తిరిగొచ్చావు కదే. ఇది చాలు. మిగతాది నేను తింటా" అని నిలబడే తినసాగింది. కన్నీళ్ళు బుగ్గలమీంచి రొట్టె మీదికి జారుతున్నాయి.

భోజనాలకి కూచున్నాం. మాంసం ముందు పెట్టింది, రొట్టె దూరంగా జరిపింది. పులుసు నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. "ఉప్పు లేదు. డబ్బా చూడండి." డబ్బా ఖాళీ.

తను తినడం అవగానే జాదిరా కోటు తొడుక్కుంది. "నడవమన్నారుగా. నేను తెస్తాను, ఉప్పు."

నా చేతిలో చెంచా ఆగిపోయింది. అత్తగారు లేచింది. చెయ్యి అలవాటుగా రొట్టె మీదికి పోయింది, అక్కడే ఆగింది. వెనక్కి తీసుకుని ఒడిలో పెట్టుకుంది.

"వెళ్ళు. మెత్తటి ఉప్పు తీసుకురా, రాళ్ళుప్పు వద్దు" అంది.

జాదిరా గడప దాటింది.